అంచున అంటించిన పలుగురాయి

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఇప్పుడు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నాను కాబట్టి అది విద్యార్థుల మీదికి పోతోంది. ఇరవై ఏడేళ్ళ వయసులో, నేనే పరిశోధక విద్యార్థిగా ఉన్నప్పుడు, కుప్పమ్మ మీదికి పోయింది. ఆమె సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి ఇలా చెడ్డగా చెప్పుకోవలసి వస్తోంది. తప్పదు, వినండి.

కుప్పమ్మ తిరుపతిలో మా భూగర్భశాస్త్ర విభాగంలో రాళ్ళు అరగదీసే మనిషి. రాయి లోపల ఏముందో మైక్రోస్కోపులో చూడాలంటే దాని గుండా వెలుతురు పోవాలి. అందుకని రాయిని బిళ్ళలాగా కోసి, ఒక పక్క నున్నగా చేసి, గాజుముక్కకు అంటించి, రెండో పక్క అరగదీస్తూ పోతారు. చివరికి మిగిలే పొర మందం వెంట్రుకలో సగం కూడా ఉండదు. దాన్నే మేము స్లైడు అంటాం. చెప్పడానికి నాలుగు ముక్కలే గానీ, చివరి పది నిమిషాల్లో చెయ్యి కాస్త బరువుగా పడిందంటే వారం రోజుల పని పొడిలో కలిసిపోతుంది.

ఆ పని మొదట ఆమె భర్త గోవిందస్వామిది. ఎనభై మూడులో విషజ్వరం వచ్చి ఆయన పోయాడు. దయతలచి భార్యకు ఉద్యోగం ఇచ్చారు. కాగితంలో అటెండరు అని రాశారు, చేతికి చీపురు ఇచ్చారు. రాళ్ళ పనికి వేరే అతన్ని పెట్టుకున్నారు. అతను రెండేళ్ళు కూడా నిలవకుండా గ్రానైటు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయాడు. కోయవలసిన రాళ్ళు గంపల్లో పేరుకుపోయాయి. ఒకరోజు పొద్దున విభాగం తెరిచేసరికి కుప్పమ్మ చీపురు గోడకు ఆనించి, కొంగు బిగించి, గాజు పలక ముందు కూర్చుని రాయి రుద్దుతోందట. ఎవర్నడిగి చేస్తున్నావని అడిగితే, “మా ఆయన చేస్తా ఉంటే పదేండ్లు చూసినా. చూసిన పని చెయ్యలేనా?” అందట. నేను అప్పటికి అక్కడికి రాలేదు. కానీ ఆ గొంతు తర్వాత ఎన్నోసార్లు విన్నాను కాబట్టి ఎలా అని ఉంటుందో నాకు తెలుసు.

ఆమె పుట్టిల్లు ఐరాల దగ్గర. తండ్రి వరదయ్య చెరుకు గానుగల దగ్గర బెల్లం వండేవాడు. ఆ చుట్టుపక్కల ఎవరి తోట నరికినా పాకం చూడడానికి ఆయన రావలసిందే. కుప్పమ్మ చిన్నతనం అంతా ఆ బెల్లం పెనం పక్కనే గడిచింది. ఆ చదువు రాళ్ళ పనిలో ఎందుకు పనికొస్తుందని మీరు అడగవచ్చు. రాయిని గాజుకు అంటించే జిగురు చెట్టు బంక. దాన్ని వేడి చేయాలి. తక్కువ కాగితే రాయి జారిపోతుంది, ఎక్కువ కాగితే జిగురే పగిలిపోతుంది. మా వాళ్ళు థర్మామీటరు పెట్టి కూడా పాడుచేసేవాళ్ళు. కుప్పమ్మ పట్టకారుతో కొంచెం తీసి తీగలాగి, గోటితో టక్కున విరిచి చూసేది. విరిగిన చప్పుడును బట్టి సరిపోయిందో లేదో చెప్పేది. పన్నెండేళ్ళలో ఆమె అంటించిన రాయి ఊడిన సందర్భం నాకు తెలిసి లేదు.

నోరు మాత్రం ఆమెకు పెద్దదే. పొడిపొడిగా రాలిపోయే రాయి ఎవరైనా తెస్తే, “ఇది రాయా, బొరుగుల ఉండా? దీన్ని నేను కొయ్యల్నా, నువ్వు తింటావా?” అని ముఖం మీదే అనేది. నాలాంటి పరిశోధకులకు అది మింగుడుపడేది కాదు. స్లైడు మీద మా పేర్లు ఉండేవి, ఆమె పేరు ఉండేది కాదు. అయినా ఆ గదిలో పెత్తనం ఆమెదే.

తొంభై ఏడు వేసవిలో ఐరాల పక్కన ఒక చెరుకు తోటలో ఉల్క పడింది. పెద్ద ముక్కను సర్కారు వాళ్ళు పట్టుకుపోయారు. మా విభాగాధిపతి సుబ్రమణ్యం గారు ఎవరెవరికో ఉత్తరాలు రాసి, ఎన్నో సంతకాలు పెట్టి, చివరికి బొటనవేలి గోరంత ముక్క సంపాదించారు. దాని మీద పరిశోధన నాకు అప్పగించారు. అది మామూలు రాయి కాదు. భూమి పుట్టకముందు, సూర్యుడి చుట్టూ దుమ్ము తిరుగుతున్న రోజుల్లో తయారైన రాయి. నాలుగు వందల యాభై ఆరు కోట్ల ఏళ్ళ నాటిది. అలాంటి రాళ్ళ నిండా ఆవగింజంత, గసగసాలంత గుండ్రటి రవ్వలు ఉంటాయి. అవి ఒకప్పుడు కరిగి చుక్కలై, తర్వాత గడ్డకట్టినవి. ఎలా కరిగాయి, ఎలా గట్టిపడ్డాయి అన్నదే నా ప్రశ్న. ఒక్క స్లైడుకు మించి ఆ ముక్కలో రాదు.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఒక కాగితం వచ్చింది. రాళ్ళు కోసే కొత్త యంత్రం వస్తోంది, దానితోపాటు శిక్షణ పొందిన మనిషి వస్తాడు, ప్రస్తుతం ఆ పని చేస్తున్న అటెండరును హాస్టలు ఊడ్చే పనికి పంపవచ్చు అని అందులో ఉంది. సుబ్రమణ్యం గారు కుప్పమ్మనూ నన్నూ పిలిచి దాచకుండా చెప్పారు. “కుప్పమ్మా, ఈ ఉల్క స్లైడు బాగా వస్తే, యంత్రం నీకే నేర్పించమని రాస్తాను. చెడిపోతే ఇంక నేనేం మాట్లాడలేను.”

బయటికి వచ్చాక ఆమె నాతో అంది. “ఊడ్చేది తప్పు పనేం గాదు నాయనా. రెండేండ్లు ఊడ్చినా. అయితే ఇన్నేండ్లు నేర్చుకున్న చెయ్యిని యాడ పెట్టుకునేది?”

నా ధ్యాసంతా నా రాయి మీద ఉంది.

మర్నాడు పని మొదలుపెట్టింది. కోసిన ముఖంలో ఇనుప రవ్వలు తళుక్కుమనడం చూసి నీళ్ళ సీసా పక్కకు నెట్టేసింది. “దీనికి నీళ్ళు తగిలితే తుప్పు పడతాది,” అని, రాయి అరగదీసే పొడి కలపడానికి నీళ్ళకు బదులు కిరోసిన్ తెప్పించుకుంది. మూడు రోజులు ఆ గదంతా స్టవ్వు వాసన. నాలుగో రోజు సాయంత్రం నన్ను పిలిచి స్లైడు చేతికి ఇచ్చింది. “అయిపోయినాది. సూసుకో.”

మైక్రోస్కోపు గది తాళం నా దగ్గరే ఉండేది. స్లైడు పెట్టి చూశాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. వెలుతురును వడగట్టే రెండు పలకల మధ్య పెట్టి చూస్తే, స్లైడులోని ఖనిజాలు రకరకాల రంగులు చూపిస్తాయి. చిత్తూరు జిల్లా అంటే గ్రానైటు జిల్లా. మేమంతా గ్రానైటు చూసి చదువుకున్నవాళ్ళం. గ్రానైటులో పలుగురాయి ఉంటుంది. స్లైడు మందంగా ఉంటే అది పసుపుగా, ఎర్రగా కనిపిస్తుంది. సరిపోయేటంత పల్చనైతే బూడిద రంగుకు దిగుతుంది. కాబట్టి మాకు నేర్పింది ఒకటే మాట. రంగులు పోయి బూడిద రంగు వచ్చేదాకా అరగదియ్.

నా స్లైడులో నీలం, గులాబి, ఆకుపచ్చ భగభగా మండిపోతున్నాయి.

ఆమె గదికి తిరిగి వెళ్ళి, “ఇంకా చాలా మందం ఉంది, అరగదియ్,” అన్నాను.

కుప్పమ్మ స్లైడు తీసుకుని, చూపుడువేలి కొసతో ఒకసారి తడిమింది. “లేదు నాయనా. సరిపోయినాది.”

“రంగులు చూశావా నువ్వు? నేను చూశాను.”

“నాకు మిషన్లో సూసేది రాదు. నువ్వే సూడు. నడిమధ్యన కాదు, అంచున సూడు.”

స్లైడు అంచున, నా ఉల్కకు ఆనుకుని, బియ్యపు నూకంత తెల్లటి రవ్వ ఒకటి అంటుకుని ఉంది. బంకలో పడిన చెత్త అనుకున్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. “అంచు ఎవరికి కావాలి? అక్కడ ఏదో మురికి కూడా అంటించి పెట్టావు. ముందు చెప్పిన పని చెయ్!”

“చెయ్యను,” అంది కుప్పమ్మ. కోపంగా కాదు, ఈరోజు సెలవు అన్నంత మామూలుగా. “ఇంగ ఒక్క రుద్దు గూడా రుద్దను. రుద్దితే నీ రాయి ఉండదు.” స్లైడును దూదిలో చుట్టి తన రేకు పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

నేను అక్కడే నిలబడి కాసేపు గోడతో పోట్లాడాను. తర్వాత కూర్చుని సుబ్రమణ్యం గారికి ఫిర్యాదు రాశాను. మనిషి కోపంలో ఉన్నప్పుడు వాక్యాలు ఎంత బాగా కుదురుతాయో! ఒక్క కొట్టివేత కూడా లేకుండా ఒక పేజీ రాసి ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళాను. ఆ కాగితానికి ఫలితం ఏమిటో నాకు తెలుసు. హాస్టలు చీపురు. తెలిసే రాశాను.

మర్నాడు పది గంటలకు ఆయన ఇద్దరినీ మైక్రోస్కోపు గదికి రమ్మన్నారు. కుప్పమ్మ ఉతికిన చీర కట్టుకుని, రేకు పెట్టె చంకన పెట్టుకుని వచ్చింది. ఆమె ముఖంలో బెదురేమైనా ఉందేమోనని చూశాను. లేదు. అది చూసి నాకు ఇంకా మండింది.

సుబ్రమణ్యం గారు స్లైడు పెట్టి చూశారు. ఆయనా గ్రానైటు మనిషే. “రంగులు ఎక్కువగానే ఉన్నాయి కదమ్మా,” అన్నారు కంటద్దం మీది నుంచి తల ఎత్తకుండా. నేను ఛాతీ విరుచుకున్నాను.

“అంచున సూడండి సారూ,” అంది కుప్పమ్మ. “ఆడ తెల్లటి రవ్వ ఉండాదే, అది.”

ఆయన స్లైడును మెల్లగా జరిపారు. ఆగారు. వెలుతురు సరిచేసుకుని మళ్ళీ చూశారు. చివరికి, “ఏమిటిది?” అన్నారు.

“నగరి కొండ పలుగురాయి. పిల్లోళ్ళ ప్రాక్టికల్స్‌కి తెచ్చిన గంపలో నుంచి చిన్న రవ్వ తీసుకున్నా. దాన్నీ దీన్నీ ఒకే గాజుకి అంటించి, ఒకే మాదిరి రుద్దినా. అది యంత పల్చనైతే ఇదీ అంతే గదా.”

ఆయన లేచి నన్ను చూడమన్నారు. చూశాను. పలుగురాయి రవ్వ బూడిద రంగులో, పాఠ్యపుస్తకంలో బొమ్మ గీసినట్టు ఉంది. దాని పక్కనే, అంతే పల్చగా, నా ఉల్క నీలంగా గులాబిగా మండుతూనే ఉంది. ఉల్కలో పలుగురాయి ఉండదు. అందులో ఎక్కువగా ఉండే ఖనిజం ఎంత పల్చన చేసినా రంగులు చూపిస్తూనే ఉంటుంది. ఈ సంగతి నేను పరీక్షలో రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను కూడా. అయినా కళ్ళు గ్రానైటుకు అలవాటుపడి ఉన్నాయి. ముందురోజు కుప్పమ్మ నా మాట విని ఉంటే, రానే రాని బూడిద రంగు కోసం రుద్దించి రుద్దించి రాయి మొత్తాన్ని పొడి చేయించేవాణ్ణి. ఒక్కటే స్లైడు. మరో ముక్క ఎక్కడా దొరికేది కాదు.

నాకు నిలువునా సిగ్గేసింది.

“ఇది నీకు ఎవరు చెప్పారమ్మా?” అన్నారు సుబ్రమణ్యం గారు.

“ఎవురూ చెప్పలేదు సారూ. మా నాయన పాకం సూసేటప్పుడు పక్కన చెంబులో నీళ్ళు పెట్టుకునేవాడు. నలభై ఏండ్లు వండినోడు, అయినా ప్రతి పెనానికీ ఒక చుక్క నీళ్ళల్లో ఏసి సూసేవాడు. నీకు కంటికి తెలీదా నాయనా అంటే, నా కన్ను ఈ రోజు యట్ల ఉండాదో నాకేం తెలుసు, నీళ్ళు ఎప్పుడూ ఒకే మాదిరి ఉంటాయి అనేవాడు.”

“నువ్వు చూశావా ఇందులో?” అని ఆయన మైక్రోస్కోపు చూపించారు.

“లేదు సారూ. పద్నాలుగేండ్లలో ఎవురూ సూడమనలేదు.”

నేను లేచి కుర్చీ ఆమెకు ఇచ్చాను. ఎక్కడ కన్ను పెట్టాలో చూపించాను. ఆమె ఊపిరి బిగపట్టి చూసింది. చాలాసేపటికి, “అబ్బా!” అంది. తర్వాత తనకు తెలిసిన సంగతి ఎదురైన మనిషిలా, “ఇవి కాగినేవి గదా నాయనా,” అంది.

“అవును. కరిగి గట్టిపడిన చుక్కలు.”

“మరి ఒకదాంట్లో దువ్వెన పండ్ల మాదిరి గీతలుండాయి, ఇంగోదాంట్లో విసనకర్ర మాదిరి ఉండాది, ఈ పక్కదాంట్లో కలకండ పలుకులు పోసినట్టుండాది. అన్నీ ఒకే మంట మింద కాగినాయా?”

పత్రికల్లో ఇలాంటి ఉల్కల బొమ్మలు చూసి రాస్తున్న నా థీసిస్ అధ్యాయం సరిగ్గా అక్కడే ఆరు నెలలుగా ఆగి ఉంది. అన్నీ పూర్తిగా కరిగి ఒకే తీరుగా చల్లారాయని మొండిగా రాసుకుంటూ పోయాను. అలా అయితే ఇన్ని రకాలు ఎందుకున్నాయో చెప్పలేక తల బాదుకుంటున్నాను. ఆ మాటే ఆమెకు చెప్పాను.

“అన్నీ ఒకే మాదిరి ఎందుకు కరిగింటాయి?” అంది కుప్పమ్మ, కంటద్దం వదలకుండానే. “పాకం దించే ముందర మా నాయన పాత బెల్లం పొడి ఒక చిటికెడు ఏసేవాడు. ఆ పలుకుల్ని పట్టుకుని చుట్టూరా రవ్వ కడతాది. ఒక్క పలుకు గూడా మిగలకుండా అంతా కరిగిపొయ్యిందనుకో, రవ్వ యాడ మొదలవ్వల్లో దానికి తెలీదు. అట్లే ఉండి ఉండి ఒక్కసారిగా గీతలు గీతలుగా గట్టిపడతాది. ఈ కలకండ మాదిరిదాంట్లో కరగని పలుకులు మిగిలినాయి. ఆ దువ్వెన మాదిరిదాంట్లో అన్నీ కరిగిపోయినాయి. అంతే గదా?”

విదేశీ పత్రికల్లో కొలిమిలో రాళ్ళు కరిగించి చూసినవాళ్ళు రాసింది అదే. నేను వాటిని చదివాను, కిందగీతలు కూడా గీశాను, కానీ అర్థం చేసుకోలేదు. ఇప్పుడు బెల్లం పెనం పక్కన కూర్చోబెట్టి చెప్పినట్టు అర్థమైంది.

“ఎంతసేపట్లో చల్లారి ఉంటాయి?” అని అడిగాను. నిజంగా తెలుసుకుందామనే అడిగాను.

“నేల మింద పాకం ఒంటి చుక్క పడితే అప్పుడే గాజు మాదిరి అయిపోతాది. రవ్వ కట్టదు. ఇవి రవ్వ కట్టినాయంటే చుట్టూ ఇంగా వేడి ఉండాల. ఒకటి కాదు, గుంపుగా కాగింటాయి. అట్లని నిదానంగా దినాల తరబడి గూడా కాదు. అట్లయితే గీతలు ఇంత సన్నంగా ఉండవు.”

కొన్ని గంటలు, మహా అయితే ఒకటి రెండు రోజులు అని లెక్కలు చెబుతున్నాయి. దుమ్ము ముద్దలు ఒక్కసారిగా కరిగి, చుట్టూ ఉన్న వేడి వాయువులో గుంపులు గుంపులుగా చల్లారాయని చాలామంది నమ్మకం. అంత మంట ఎక్కడిదో మాత్రం ఇప్పటికీ తేలలేదు. వాయువులో పుట్టిన పెద్ద అదుర్లు అని కొందరు, మెరుపులు అని కొందరు, చిన్న చిన్న గ్రహాలు గుద్దుకోవడం అని కొందరు అంటారు. అదంతా ఆమెకు చెప్పాను. భూమి, చంద్రుడు ఏవీ లేనప్పటి సంగతి అని చెబితే, ఆమె కన్ను తీసి నా వైపు చూసి, “అప్పుడు పొయ్యి యాడ పెట్టినారో మరి,” అని నవ్వింది.

సుబ్రమణ్యం గారు కూడా నవ్వారు. తర్వాత జేబులోంచి ఒక కాగితం తీశారు. నా ఫిర్యాదు. చూడగానే నా ముఖం మాడిపోయింది.

“సార్, అది వెనక్కి ఇచ్చేయండి,” అన్నాను.

“ఇస్తాను. కానీ ఈమె మీద రాసింది ఈమెకు తెలియాలి. నువ్వే చదివి వినిపించు గిరిప్రసాద్. తర్వాత చింపేస్తావో దాచుకుంటావో నీ ఇష్టం. యంత్రం సంగతి నేను ఈరోజే పైకి రాస్తున్నాను. దాని ముందు కూర్చునేది కుప్పమ్మే.” అంతటితో ఆయన వెళ్ళిపోయారు.

గదిలో మేమిద్దరమే మిగిలాం. కుప్పమ్మ రేకు పెట్టె ఒడిలో పెట్టుకుని, పాఠం వినే పిల్లలా కూర్చుంది. నేను చదివాను. జీవితంలో అంత కష్టపడి ఏదీ చదవలేదు. ‘చెప్పిన పని చేయడానికి నిరాకరించింది.’ ‘స్లైడు అంచున వేరే రాతి మురికి అంటుకున్నా గమనించలేదు.’ ఆ ముక్క దగ్గర చదవడం ఆపేశాను. ఆమె, “చదువు నాయనా, నేనేం అనుకోను,” అంది. చివరి వాక్యం ఇంకా మిగిలి ఉంది. ముందురోజు సాయంత్రం దాన్ని రాసి, ఎంత బాగా కుదిరిందో అని మురిసిపోయాను. ‘ఈమెకు మైక్రోస్కోపు గురించి గానీ, ఖనిజాల గురించి గానీ ఏమీ తెలియదు.’

చదివి తల దించుకున్నాను. “క్షమించు కుప్పమ్మక్కా,” అన్నాను. అక్కా అనడం అదే మొదటిసారి.

నిజంగానే ఆ వాక్యం సరైనదా కాదా అని తూచుకుంటున్నట్టు ఉంది ఆమె ముఖం.

“కడాకు రాసింది నిజమే గదా,” అంది. “నాకు తెలీదు. తెలీదు కాబట్టే పలుగురాయిని పక్కన పెట్టుకున్నా. నువ్వు తెలుసనుకున్నావు, అంతే.”

కాగితం నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి రేకు పెట్టెలో పరిచి, మైక్రోస్కోపు మీంచి తీసిన స్లైడును కదలకుండా దాని మీద పెట్టింది.